ఎనిమిదో నెలలో నన్ను గోదారి దాటించిన మా అత్తయ్యగారు

నిడదవోలు నుంచి రాజమండ్రికి లెక్కలేనన్నిసార్లు వెళ్లాను. ఎప్పుడూ రాయాలనిపించలేదు. ఈ ప్రయాణం గురించి రాయడానికి కారణం మా అత్తయ్యగారు. కడుపుతో ఉన్నవాళ్లు ఎనిమిదో నెలలో ఊరు కదలకూడదు, గోదారి అసలే దాటకూడదు అన్నది ఆవిడ పట్టు. ఆ పట్టుతోనే మా పిన్ని కూతురి ఓణీల ఫంక్షన్‌కి నన్ను పంపలేదు. నేను మూతి ముడుచుకున్న ఆ వారంలోనే, ఒక ఉదయం పాలు కాస్తుండగా నొప్పులు మొదలయ్యాయి. మావారు దుకాణం సరుకు కోసం తుని వెళ్లారు. ఇంట్లో మేమిద్దరమే.

మా ఊరి డాక్టరుగారు పరీక్ష చేసి వెంటనే ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. "సూది మీకు, బలం బిడ్డకండి. ఇంత ముందుగా పుడితే ఊపిరితిత్తులు పూర్తిగా తయారై ఉండవు. ఈ స్టెరాయిడ్ వాటిని త్వరగా సిద్ధం చేస్తుంది. రేపు ఇదే వేళకి రెండోది పడాలి. నెలలు నిండని పిల్లల్ని చూసే వసతి ఇక్కడ లేదు, రాజమండ్రి వెళ్లిపోండి," అన్నారు.

నాకు ఏడుపొచ్చేసింది. అత్తయ్యగారు మాత్రం, "స్టెరాయిడ్ అంటున్నారు, బిడ్డకేమీ కాదు కదండీ?" అని నిలదీశారు.

"ఈ ఒక్క కోర్సుకి భయపడక్కర్లేదండి. తల్లికి షుగరుంటే కాస్త పెరగొచ్చు, అది వాళ్లు చూసుకుంటారు. మాటివ్వలేను గానీ, ఇది పడిన పిల్లలకి ఊపిరి కష్టం బాగా తగ్గుతుందండి."

అత్తయ్యగారు కొంగు బిగించారు. "పదమ్మా. గోదారమ్మకి నేను చెప్పుకుంటాలే."

108కి ఫోన్ చేశాం, దానికి డబ్బు కట్టక్కర్లేదు. కొవ్వూరు మీదుగా ముప్పావు గంట పట్టింది. బ్రిడ్జి దగ్గర డ్రైవరు, "గతుకులున్నాయండి, నెమ్మదిగా పోనిస్తాను," అన్నాడు. "నెమ్మదిగానే పోనీ బాబూ, ఆగిపోకు చాలు," అన్నారు ఆవిడ. నదిలో వేద్దామని రూపాయి బిళ్ల తీశారు, కానీ అంబులెన్సువాళ్లు అద్దం తెరవనివ్వలేదు. బిళ్లని కొంగున ముడేసుకున్నారు.

రాజమండ్రిలో మందులతో నొప్పులు నెమ్మదించాయి. మర్నాడు రెండో ఇంజెక్షన్ పడింది. ఆ తర్వాతి రోజు పాప పుట్టింది, పుడుతూనే కేరుమంది. ముక్కు దగ్గర చిన్న గొట్టంతో కొన్నాళ్లు ఆక్సిజన్ పెట్టారు, అంతే. "మా మనవరాలు సొంతంగా ఊపిరి తీసుకుంటోందండీ!" అని అత్తయ్యగారు వార్డులో ప్రతి మంచం దగ్గరికీ వెళ్లి చెప్పారు.

"ఎనిమిదో నెల పిల్ల నిలవదంటారు కదండీ?" అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు. "నిలవకపోవడమేంటండి, రాత్రి దాని ఏడుపు మీ ఇంటిదాకా వినపడలేదా?" అంటారావిడ. జీవితమంతా నమ్మినదాన్ని ఒక్క నిమిషంలో పక్కన పెట్టిన మనిషికి కోడలినని చెప్పుకోవడం నాకు గర్వం. ఇలాంటి ప్రయాణం మీకు తప్పనిసరైతే, మొదటి ఇంజెక్షన్ ఏ మందో, ఏ వేళకి చేశారో డాక్టరు చేత రాయించుకుని వెంట తీసుకెళ్లండి. రెండోది ఎప్పుడివ్వాలో అక్కడివాళ్లకి దాంతోనే తెలుస్తుంది. ఒక రూపాయి బిళ్ల కూడా ఉంచుకోండి. తిరిగొచ్చేటప్పుడు బ్రిడ్జి మీద అత్తయ్యగారు కారు ఆపించి కొంగు ముడి విప్పారు, బిళ్లని పాప గుప్పిట్లో తాకించి గోదాట్లోకి విసిరారు.