అరచేతి నడుమ వదిలిన జాగా

1996, మే నెల. చంద్రపూర్ ఎండల గురించి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్తే చాలు. ఆ నెలలో మధ్యాహ్నం గడప దాటేవాళ్ళు వడదెబ్బ తగలకుండా జేబులో ఉల్లిగడ్డ వేసుకుని పోతారు. ఊరంతా ఎండను తిట్టుకుంటుంటే నేనొక్కదాన్నే దండం పెట్టుకునేదాన్ని. ఒళ్ళు వెచ్చగా ఉంటేనే మెహందీ బాగా పండుతుంది. పైగా అవి పెళ్ళిళ్ళ రోజులు.

నా పని మెహందీ పెట్టడం. బోర్డు మీద మెహందీ, పుస్తకాల్లో గోరింటాకు, మా ఇళ్ళల్లో మైదాకు. పేర్లు మూడు, ఆకు ఒక్కటే. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనిలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను చదివింది మరాఠీ బడిలో. తెలుగు రాయడం మా అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నదే, కాబట్టి ఎక్కడైనా తప్పు దొర్లితే సర్దుకోండి. చేతుల మీద నా గీత మాత్రం తప్పదని అప్పట్లో నాకు మహా ధీమా.

అరబిక్ డిజైన్ మా ఊరికి అప్పుడప్పుడే వచ్చింది. మా గల్లీలో ఉండే నస్రీన్ ఆపా వాళ్ళ మరిది దుబాయ్ నుంచి ఒక డిజైన్ల పుస్తకం తెచ్చాడు. ఆపా దగ్గర కూర్చుని రెండేళ్ళు నేర్చుకున్నాను. మార్వాడీ డిజైన్ అంటే మోచేతి దాకా సూది మొన పట్టే సందు లేకుండా నింపడం. అరబిక్ అలా కాదు. మణికట్టు దగ్గర మొదలైన తీగ ఏటవాలుగా పాకి చూపుడు వేలి కొసకు చేరుతుంది. ఔట్‌లైన్, అంటే చుట్టూ గీసే గీత, లావుగా ఉంటుంది. లోపల పూసే షేడింగ్ పలుచగా ఉంటుంది. మిగతా చర్మమంతా ఖాళీ. పాదాలకైతే మడమ పక్క నుంచి బొటనవేలి దాకా ఒక్క తీగ చాలు. పెద్దవాళ్ళకు ఇది నచ్చేది కాదు. "ఏందమ్మా, సగంల లేసి పోతున్నవ్?" అనేవాళ్ళు. కేబుల్ టీవీ చూసే ఆడపిల్లలకు మాత్రం ఇదే కావాలి.

ఆ రోజుల్లోనే బజారులోకి రెడీమేడ్ కోన్లు దిగాయి. గంటలో నల్లగా పండేవి, కొందరికి వారంలో పొక్కులు లేచేవి. నా దగ్గర అలాంటి కల్తీ లేదని నలుగురికీ తెలియాలి కదా. అందుకని ముందు గది కిటికీలో ఒక పెద్ద గాజు సీసా పెట్టాను, దాని నిండా పచ్చటి మెహందీ పొడి. దారిన పోయే ప్రతివాళ్ళకూ కనపడేది. కోన్లకు కలుపుకునేదీ అందులోంచే. ఆ సీసానే నా కొంప ముంచింది.

బల్లార్‌పూర్ గని క్వార్టర్ల నుంచి పిలుపు వచ్చింది. పెళ్ళికూతురు సునీత, అక్కడి బాలవాడిలో పిల్లలకు పాటలు, అక్షరాలు నేర్పేది. మూడేళ్ళ కింద తండ్రి జబ్బు చేసి పోయాడు. ఆయన ఉద్యోగం తల్లి మల్లక్కకు ఇచ్చారు. ఆఫీసులో ఫైళ్ళు మోసి, నీళ్ళు అందించి, ఆమె ఒక్కతే ఈ పిల్లను గట్టెక్కించింది. పెళ్ళి ఆదివారం. మంచిర్యాల నుంచి మగపెళ్ళివాళ్ళు శనివారం సాయంత్రం రైలు దిగుతారు. నేను శుక్రవారం మధ్యాహ్నం బస్సులో వెళ్ళాను.

ఆ ఇంట్లో పెత్తనమంతా మేనత్త రాధమ్మది. సునీత తండ్రికి అక్క. గోదావరిఖని నుంచి వచ్చి పది రోజులుగా అన్నీ తానే చూసుకుంటోంది. గొంతు పెద్దది, మనిషి చెడ్డది కాదు. ఆమె పిలిచిన ఐదుగురు ముత్తైదువలు పిల్ల చేతిలో తలా ఒక చుక్క పెట్టాక నేను కోన్ పట్టుకున్నాను.

"పెండ్లిపిల్ల అమ్మ ఏది? ఆమెను గూడ రమ్మనుండ్రి," అన్నాను నేను, తెలియక.

"ఆమె రాదమ్మా. నువ్వు కానియ్యి," అంది రాధమ్మ.

కిటికీలోంచి పెరడు కనిపిస్తోంది. నల్లా పక్కన మైదాకు చెట్టు, దాని నీడలో రోలు. మల్లక్క అక్కడ కూర్చుని కాలనీలోని చిన్న పిల్లలకోసం ఆకు నూరుతోంది. తన బిడ్డ చేతికి తప్ప అందరి చేతులకూ.

నేను ఎప్పుడూ పాదాలతోనే మొదలుపెడతాను. చేతులకు పెట్టేస్తే ఇక ఆ పిల్ల దోమను కూడా తోలుకోలేదు. పాదాల అంచులు వదిలేశాను, పెళ్ళినాడు పసుపు, పారాణి పూసేది అక్కడే. చేతుల దగ్గరికి వచ్చేసరికి సునీత వంగి నా చెవిలో అంది: "అక్కా, కుడిచేతిల నడుమల జర గుండ్రంగ జాగ ఇడిసిపెట్టవా?"

"నడిమిట్లనే తీగ పోవాలె సునీతా. గట్ల ఇడిస్తే డిజైన్ ఖరాబైతది."

"కానియ్యక్కా. నా చిన్నప్పటి సంది ఆడ అమ్మనే చందమామ పెడ్తది."

నూరిన ముద్దను వేళ్ళ మధ్య ఉండ చేసి అరచేతి మధ్యలో బిళ్ళలాగా అద్దడాన్నే చందమామ అంటాం. కోన్ పట్టడం రాని రోజుల ముచ్చట అది. నాకు ఒళ్ళు మండింది, దాచడం ఎందుకు? దుబాయ్ డిజైన్ మధ్యలో రోటి ముద్దా! అయినా పెళ్ళికూతురి మాట కాదనలేక, మూతి ముడుచుకునే తీగను పక్కకు తిప్పి రూపాయి బిళ్ళంత జాగా వదిలాను.

పని అయ్యాక సునీత చేతులు రెండూ చాచుకుని పెరట్లోకి నడిచింది. మెహందీ ఎండి రాలిపోకుండా నిమ్మరసం, చక్కెర కలిపిన నీళ్ళు దూదితో అద్దాలి. ఆ గిన్నె పట్టుకుని నేనూ వెనకే వెళ్ళాను.

"అమ్మా, నీ కోసం జాగ ఇడిసిపిచ్చిన. చందమామ పెట్టు."

మల్లక్క చేతిలో ముద్ద ఉంది. ఆ చేతిని వెనక్కి దాచుకుంది.

"వద్దు బిడ్డా. పెండ్లిమైదాకుకు నా చెయ్యి ముట్టద్దు. మీ అత్తతోని పెట్టించుకో."

"ప్రతి ఏడు నువ్వే పెట్టినవ్ గద."

"గప్పుడు మీ నాయిన ఉండె. నా అసుంటి బతుకు నీకెందుకు బిడ్డా? పో, లోపల కూలర్ కాడ కూసో."

సునీత ఏడవలేదు, కదల్లేదు. "నువ్వు పెట్టకుంటే ఎవ్వరు పెట్టద్దు. గట్లనే ఉండనీ," అని కాసేపటికి లోపలికి వచ్చింది. నేనేం ఆలోచించానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అంత చక్కటి చేతి మధ్యలో బొక్క మిగిలిపోయిందే అనుకున్నాను.

సాయంత్రం ఎండిన మెహందీ గీకి తీశాం. గీకగానే నారింజ రంగులో ఉండి, మర్నాటికి రంగు తిరిగి ముదురుతుంది. సునీత చేతులు మాత్రం పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టున్నాయి. "రేపటికి తిరుగుతది," అని చెప్పి బస్సెక్కాను కానీ, ఇంటికి చేరేదాకా నా మనసు మనసులో లేదు. రాగానే కిటికీలోని సీసా తీసి చూశాను. వీధి వైపున్న పొడంతా ఎండు గడ్డి రంగుకు తిరిగిపోయింది. రెండు నెలలు ఎండలో పెడితే ఆకులోని సత్తువ చచ్చిపోతుందని నస్రీన్ ఆపా మొదటి రోజే చెప్పింది. కొత్తగా కలిపిన ప్రతిసారీ టెస్ట్ చేయాలనీ, అంటే ముందు నా మణికట్టు మీద ఒక చుక్క పెట్టి చూసుకోవాలనీ కూడా చెప్పింది. సీజన్ హడావిడిలో నేను అదీ చేయలేదు.

శనివారం పొద్దున మొదటి బస్సుకే బల్లార్‌పూర్ వెళ్ళాను. గుమ్మం దగ్గరే గొంతులు వినిపించాయి. సునీత చేతులు చాపి కూర్చుని ఉంది. రంగు నిన్నటికంటే వెలిసింది. చుట్టూ ఆడవాళ్ళు మూగారు. మైదాకు ఎంత ఎర్రగా పండితే మొగుడికి పెళ్ళాం మీద అంత ప్రేమ అని మనవాళ్ళు నవ్వుతూనే అంటారు, లోపల మాత్రం నమ్ముతారు. రాధమ్మ ముఖం పాలిపోయి ఉంది.

"పెండ్లిపిల్ల చెయ్యి పండలే. గిదేం అపశకునమో," అంది.

పక్కనున్న ఒకామె గొంతు తగ్గించి అంది: "నిన్న పచ్చి మైదాకుతోని తల్లి కాడికి పోయింది గద. నేను చూసిన."

వంటగది గుమ్మం వెనక మల్లక్క నిలబడి ఉంది. ఆ మాట ఆమె విన్నదని ఆమె కళ్ళు చూస్తేనే తెలిసింది. తప్పు తనదేనని నమ్మేసింది కూడా. నేను నోరు మూసుకుంటే నా పేరు నిలబడేది. ఆ సీజన్‌లో గని క్వార్టర్లలో ఇంకా నాలుగు పెళ్ళిళ్ళు నా చేతిలో ఉన్నాయి. ఒక్క క్షణం ఆగానేమో, అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆగాను.

"అత్తా, తప్పు ఆమెది కాదు, నాది," అన్నాను. "నలుగురు చూడాలెనని పొడి సీసను ఎండల పెట్టిన. సత్తువ పోయింది. పరీక్ష గూడ చెయ్యకుండ పెట్టిన."

మరి నాకెక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, వాకిట్లో ఆడుకుంటున్న ఒక చిన్నదాని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి రాధమ్మ ముందు తెరిచాను. మధ్యలో చందమామ, వేళ్ళకు టోపీలు, కుంకుమలాగా ఎర్రగా ఉన్నాయి.

"ఇది మల్లక్క పెట్టిందే. ఆమె చెయ్యి మంచిది కాకుంటే ఇది గిట్ల ఎందుకు పండింది? ఈ ఇంట్ల నిన్న పండింది ఆమె చెయ్యి ఒక్కటే."

రాధమ్మ ఆ చిన్న చేతిని చాలాసేపు చూసింది. నా చెంప పగలగొడుతుందేమో అనుకున్నాను. ఆమె లేచి పెరట్లోకి పోయి, మైదాకు చెట్టు ముందు నిలబడి కొంగు పట్టి ఆకు దూయడం మొదలుపెట్టింది. కొంగు నిండాక రోలు దగ్గర కుమ్మరించి పిలిచింది.

"మల్లక్కా! ఇటు రా. ఈ చెట్టు నా తమ్ముడు ఊరికెల్లి తెచ్చి పెట్టింది. చెట్టు వానిది, నూరే చెయ్యి నీది. పిల్ల మీ ఇద్దరిది. నడుమల నేనెవరినే వద్దనెటందుకు?"

"వదినె, రేపు ఏమన్న అయితే?" అంది మల్లక్క.

"ఏం గాదు. అయితే నన్నడుగుండ్రి. వాడు పోయినప్పటి సంది నాకు పానం గుబగుబ అంటది, దీనికేమన్న అయితదేమోనని. గా భయానికి నిన్ను పక్కకు కూసోవెట్టిన. నూరు, పొద్దెక్కుతుంది."

కొత్త పొడి తెచ్చి, నానబెట్టి, పెట్టేంత సమయం లేదు. పచ్చి ఆకైతే మూడు నాలుగు గంటల్లో పండుతుంది. మల్లక్క చింతపండు, వక్క వేసి వెన్నలాగా నూరింది. నేను దాన్ని పలుచటి బట్టలో వేసి పిండి కోన్‌లో నింపాను. ఎంత నూరినా ఆకు పిప్పి ఉంటుంది కాబట్టి కోన్ మొన కొంచెం పెద్దగా కత్తిరించాను. గీత లావుగా వచ్చింది. అరబిక్‌కు కావలసింది లావు గీతే. అదే మార్వాడీ జాలీ, అంటే వలలాంటి సన్న గీతల అల్లిక, అయ్యుంటే నా పని అయిపోయేది. పాదాలను పసుపు, పారాణికి వదిలేసి, చేతుల మీద నిన్నటి వెలిసిన గీతల వెంటే పోతూ తీగ మొత్తం మళ్ళీ వేశాను. మధ్యలోని జాగా దగ్గర ఆగి కోన్ పక్కన పెట్టాను.

మల్లక్క ముద్దను ఉండ చేసింది. బిడ్డ చేతి దాకా వచ్చి ఆమె చెయ్యి ఆగిపోయింది. రాధమ్మ పక్కనే కూర్చుని ఆ మణికట్టు కింద తన చెయ్యి ఆనించింది. చందమామ పెట్టాక, పసిపిల్లకు పెట్టినట్టే, మల్లక్క వంగి ఉఫ్ ఉఫ్ అని ఊదింది. అప్పుడు ఏడ్చింది సునీత. రెండు చేతులకూ మైదాకు ఉండడంతో కళ్ళు తుడుచుకోలేక ముఖం తల్లి భుజానికి రాసుకుంది. నేను నిమ్మరసం గిన్నె తీసుకుని అక్కడి నుంచి తప్పుకున్నాను. నాకూ ఏడుపు ఆగలేదు.

సాయంత్రం రైలు టైముకు చేతులు ఎర్రగా పండాయి. చందమామ అన్నిటికంటే ఎర్రగా ఉంది, ముద్ద మందంగా ఉంటుంది కదా.

ఆ గాజు సీసాలో ఇప్పుడు పప్పు పోసుకుంటున్నాను. పొడి చీకటి అలమారలో ఉంటుంది. నా మణికట్టు మీద చుక్క పండకుండా ఏ పిల్ల చేతినీ ముట్టను. పనికి సంబంధించి నేర్చుకున్నది అంతే. ఇంకొకటి కూడా ఉంది. ఏ పెళ్ళికూతురి కుడిచేతి మధ్యలోనైనా రూపాయి బిళ్ళంత జాగా వదిలి, అందరూ వినేలా అడుగుతాను: "ఈడ ఎవరు పెట్టాలె?" చాలామంది పక్కన కూర్చున్నవాళ్ళనే చూపిస్తారు. కొందరు మాత్రం తల తిప్పి వంటగది వైపు చూస్తారు. అప్పుడు నేను కోన్ కింద పెట్టి, అక్కడున్నామె చేతులు కడుక్కుని బయటికి వచ్చేదాకా కూర్చుంటాను.