అమ్మ పల్చటి పుస్తకాలు

నాన్న పచ్చకామెర్లతో పోయాక, ఆయన పనిచేసిన పోర్టు ఆఫీసులోనే అమ్మకి అటెండరు ఉద్యోగం ఇచ్చారు. ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి ఫైళ్ళు మోసే పని. అమ్మ ఎస్సెల్సీ పాసయింది కాబట్టి డిపార్టుమెంటు పరీక్ష రాస్తే గుమస్తా కావచ్చన్నారు. అడ్డమల్లా ఇంగ్లీషు పేపరే. ఎలాగైనా గుమస్తా కావాలని అమ్మకి గట్టి కోరిక.

గ్రామరు పుస్తకంతో నెల రోజులు కుస్తీ పట్టి పక్కన పడేసింది. ఒక ఆదివారం పూర్ణా మార్కెట్ దగ్గర గోనెపట్టా మీద పోసి అమ్మే పాత పుస్తకాల్లోంచి ఒక పల్చటి ఇంగ్లీషు నవల తెచ్చింది. పిల్లల కోసం రాసింది. పెద్ద అక్షరాలు, అక్కడక్కడా బొమ్మలు. ఒక దీవిలో గాడిద తప్పిపోతే ఇద్దరు పిల్లలు వెతుక్కుంటూ పోయే కథ. వారంలో పూర్తిచేసి ఇంకోటి తెచ్చింది. కొనేముందు అక్కడే నిలబడి మధ్యలో ఒక పేజీ చదివేది. తర్వాత ఏమైందో తెలుసుకోవాలనిపిస్తేనే కొనేది.

తెలియని మాటలొస్తే డిక్షనరీ చూడవా అని అడిగితే నవ్వింది.

"దాటీసి ఎల్పోతాను. రెండు పేజీలు పోయాక అదే తెల్సిపోద్ది. గాడిద దొరికిందో లేదో సూడాల గానీ, మాట కాడ కూకుంటే ఎలాగ?"

చేపలు వేయిస్తూ ఆ కథ నాకు చెప్పేది. పైకి ఒప్పుకోలేదు గానీ గాడిద కోసం నాకూ బెంగ పట్టుకుంది. నాన్న పోయాక అమ్మ అంత ఇష్టంగా ఒక పని చేయగా నేను చూడలేదు.

నేనప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. నాలుగు ఇంగ్లీషు ముక్కలు రాగానే కళ్ళు నెత్తికెక్కాయి. పొద్దున గాజువాకలో ఇద్దరం ఒకే బస్సెక్కేవాళ్ళం. స్టీలు ప్లాంటు పనులకి వెళ్ళే లారీల దుమ్ముతో రోడ్డు సగం కనబడేది కాదు. అమ్మ ఆడవాళ్ళ సీట్లో కూర్చుని, గీత గీతకీ వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుకునేది. ఒకరోజు నా పక్కన నిలబడ్డ స్నేహితురాలు అటు చూసి, "మీ అమ్మగారు ఒకటో తరగతిలో చేరారా?" అంది. చుట్టూ నిలబడ్డవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మకి పాఠం చెప్పాను. అవి చిన్నపిల్లల పుస్తకాలనీ, వాటితో పరీక్ష గట్టెక్కలేవనీ, పెద్ద నవలలు చదవాలనీ. అమ్మ బియ్యం ఏరుతూ విని, "అలాగేలే. సదువుకున్నదానివి, నీకు తెలుసు గదా," అంది. కాలేజీ లైబ్రరీ నుంచి దిండంత నవల తెచ్చిచ్చాను. రోజూ బస్సులో దాన్ని ఒళ్ళో తెరుచుకుని కూర్చునేది. గుర్తుకి బస్సు టిక్కెట్టు పెట్టుకుంది. రెండు నెలల తర్వాత పుస్తకం తిరిగి ఇచ్చేస్తూ చూస్తే, ఆ టిక్కెట్టు తొమ్మిదో పేజీలో ఉంది.

ఆ ఏడు డిపార్టుమెంటు పరీక్షలో అమ్మ నాలుగు మార్కుల తేడాతో ఇంగ్లీషు తప్పింది. అమ్మ ఏడవలేదు. మర్నాడు మామూలుగానే క్యారేజీ కట్టుకుని వెళ్ళింది. నాకే తిండి సయించలేదు. ఆదివారం మార్కెట్‌కి వెళ్ళి, మధ్య పేజీలు చదివి చదివి మూడు పల్చటి పుస్తకాలు ఏరి తెచ్చాను. అమ్మ ముందు పెట్టి, "ఇవే మంచివమ్మా. మళ్ళీ రాద్దువుగాని. ఆరోజు నేను తప్పు చెప్పాను," అన్నాను. నిజం అక్కడితో ఆపేశాను. సిగ్గుపడ్డానని చెప్పడానికి నోరు రాలేదు.

అమ్మ పై పుస్తకం తీసి, అట్ట మీద దుమ్ము పైటకొంగుతో తుడిచింది. తెరవలేదు.

"అవి మంచివని నాకు తెలుసునే," అంది. "ఆరోజు నువ్వు సాయంత్రం సెప్పినదానికి కాదు అవి పక్కనెట్టింది. పొద్దున బస్సులోనే సూసాను నీ మొకం. నవ్వుతన్నావు గానీ ఏడుపు మొకం. నా వల్ల నా పిల్లకి నామోషీ ఎందుకని మానీసాను."

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు పరీక్ష పెట్టారు. ఎంత బతిమాలినా అమ్మ దరఖాస్తు చెయ్యలేదు. అటెండరుగానే రిటైరయింది. ఇంగ్లీషు పుస్తకం మళ్ళీ ఎప్పుడూ నా ఎదుట తెరవలేదు.