పోయొస్తానని చెప్పకూడని ఇల్లు

మదనపల్లెలో మా వీధి చివర ఈ మధ్య ఒక బోర్డు కట్టారు. ఆత్మీయులను పోగొట్టుకున్నవారికి, బతుకు ఉన్నట్టుండి తలకిందులైనవారికి కౌన్సెలింగ్ చేస్తారట. పెద్దవాళ్ళకు మాత్రమేనని కింద రాశారు. మా మరిది కాఫీకి వచ్చినప్పుడు ఆ బోర్డు గురించి చెప్పి ఒకటే నవ్వు. “మన కాలంలో ఇవన్నీ యాడుండాయి వదినా? ఒకింట్లో సావొస్తే ఊరు ఊరే వచ్చి ఓదార్చేది” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంలో అతని కాఫీలో చక్కెర వేయడం మరిచిపోయాను. పాపం, మర్యాదస్తుడు, మాట్లాడకుండా తాగేశాడు.

ఊరు ఊరే వచ్చి ఓదార్చడం ఎట్లా ఉంటుందో నేను పుంగనూరులో కళ్ళారా చూశాను. తొంభైల మధ్యలో మాట. మా మేనత్త, మామ అక్కడ బజారులో గాజుల అంగడి నడిపేవాళ్ళు. మామ సరుకు తెచ్చేవాడు, అత్త తొడిగేది. చేయి పట్టుకుని వేళ్ళు దగ్గరికి నొక్కి, ఏదో ఒక కబురు చెప్పి నవ్విస్తూ, నొప్పి తెలిసేలోగా డజను గాజులు ఎక్కించేసేది. పెళ్ళిళ్ళకూ సీమంతాలకూ అత్తనే పిలిచేవాళ్ళు. పిల్లల్లేరు వాళ్ళకు. అంగడే సంసారం. ఒక పొద్దున అంగడి తలుపు తీస్తూ మామ అక్కడే కూలబడిపోయాడు. ఆస్పత్రికి మోసుకుపోయేలోగానే ప్రాణం పోయింది.

ఇక మొదలయ్యారు ఓదార్చేవాళ్ళు. మంగళవారం, శుక్రవారం పలకరింపులకు రాకూడదు కాబట్టి ఆ రెండు రోజులే అత్తకు కాస్త ఊపిరి ఆడేది. తక్కిన రోజుల్లో వచ్చిన ప్రతి ఆడమనిషీ మెడ మీద పడి రాగం తీసేది, అత్త కూడా లేచి ఏడవాలి. ఏడుపు అయ్యాక ఎట్లా జరిగిందని అడిగేవాళ్ళు. తలుపు దగ్గర కూలబడిన సంగతి మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి. కన్నీళ్ళు రాకపోతే “గుండె రాయి” అని గుమ్మం దాటకముందే గుసగుసలు. మదనపల్లెలో అప్పుడే ఉద్యోగంలో చేరిన నేను ఆదివారాలు పోయి చూస్తుంటే, అది పలకరింపో పరీక్షో అర్థమయ్యేది కాదు. అన్నీ అడిగి, కాఫీ తాగి, చటుక్కున లేచిపోయేవాళ్ళు. చావింటి నుంచి పోయేటప్పుడు పోయొస్తానని చెప్పకూడదు కదా, చెబితే ఇంకో చావుకు రావలసి వస్తుందట. అత్త ఏదో చెబుతూ తలెత్తి చూస్తే ఎదుట మనిషి ఉండేది కాదు.

గోరుచుట్టు మీద రోకటి పోటులాగా దాని తరువాత వచ్చారు మగ బంధువులు. మా నాయన కూడా ఉన్నాడు అందులో, దాచడమెందుకు. మొగుడు పోయిన మనిషి చేత గాజులు ఎవరు తొడిగించుకుంటారు, అంగడి ఎవరికైనా ఇచ్చేసి దేవుడి పేరు తలుచుకుంటూ ఇంట్లో కూర్చోమని తీర్మానం చేశారు. అత్త చేతుల గాజులు తీసింది చాలలేదు వీళ్ళకు, చేతుల్లో పని కూడా తీసేయాలి. అత్త గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. అన్నం ముద్ద కూడా పిల్లలకు పెట్టినట్టు పెడితేగానీ తినేది కాదు.

మామకు అక్క ఒకామె కుప్పంలో ఉండేది. అత్త ఆమెను వదినా అని పిలిచేది, మేమంతా కుప్పం వదిన అనేవాళ్ళం. తమ్ముడు పోయిన దుఃఖం ఆమెకు మాత్రం తక్కువా? అయినా మెడ మీద పడలేదు, ఎట్లా పోయాడని అడగలేదు. పక్కన కూర్చుని, చిన్నప్పుడు తమ్ముడు చింతకాయలు దొంగిలించి నిక్కరు జేబులో పెట్టుకుని మరిచిపోయిన సంగతి చెప్పింది. అత్త ఫక్కున నవ్వింది. వీధి వీధంతా ఆ నవ్వు గురించి రెండు వారాలు మాట్లాడుకుంది. లేచేటప్పుడు కుప్పం వదిన, ఆదివారం మళ్ళీ వస్తాను, పోయొస్తాను అని గట్టిగానే చెప్పింది. పక్కింటి ముసలావిడ చావింట్లో ఆ మాట అనకూడదంది.

“సచ్చింది నా తమ్ముడు. ఇంక ఈ ఇంటికి రావడానికి నాకు భయం యాల?” అంది కుప్పం వదిన.

అన్నట్టే ఆదివారం బస్సులో వచ్చింది, ఆ పై ఆదివారం కూడా. కొన్నాళ్ళకు, ఇన్ని వందలమంది అడగని ప్రశ్న ఒకటి అడిగింది: “నీకేం కావాలమ్మీ?”

అత్త చీర కొంగు మడతపెట్టుకుంది. “అంగడి తియ్యాలని ఉండాది వదినా. ఆడ కూసుంటే ఆయన పక్కన ఉండినట్టుంటాది” అంది.

అప్పటికప్పుడే కుప్పం వదిన ఆమెను లేవదీసి బజారుకు నడిపించుకుపోయింది. తలుపులు బార్లా తెరిచి, దారినపోయేవాళ్ళందరూ చూస్తుండగా మెట్టు మీద కూర్చుని చెయ్యి చాపింది. ఎర్ర గాజులే కావాలంది. అత్త తొడుగుతుంటే రెండు గాజులు చిట్లాయి. మూడోది ఎక్కింది.

మొదట పెద్దపంజాణి వైపు పల్లెల ఆడవాళ్ళు వచ్చారు. సంతకు వచ్చినవాళ్ళు బేరమాడి తొడిగించుకుని పోయేవాళ్ళు, అంతే. ఊళ్ళోవాళ్ళు ఏడాదికి గానీ మెట్టెక్కలేదు, అదీ మామూలు రోజుల గాజులకు. పెళ్ళికీ సీమంతానికీ మాత్రం ఒక్కరూ పిలవలేదు. రెండువేల సంవత్సరం దాటాక కూడా పిలవలేదు. తన ముగ్గురు కూతుళ్ళకూ పెళ్ళి గాజులు అత్త చేతే తొడిగించిన పక్కింటి ముసలావిడ, మనవరాలి సీమంతానికి మదనపల్లె నుంచి వేరే ఆమెను పిలిపించింది. ఆ రోజు అత్త అంగట్లో కూర్చుని, బజారు దాకా వినిపిస్తున్న పక్కింటి మేళం వింటూ, ఎప్పటి దుమ్మునో గుడ్డతో తుడుస్తూనే ఉంది.

ఆ ముసలావిడే అత్తను చూసినప్పుడల్లా అన్నీ కాలమే మాన్పుతుందని అనేది. పుంగనూరంతా అదే అనేది. కాలం మీద నాకేం కోపం లేదు, దాని పని అది చేసుకుపోతుంది. మనుషులు చేయవలసిన పనిని కాలం నెత్తిన పెట్టి, చేతులు దులుపుకుని ఇంటికి పోయినవాళ్ళ మీదే నా కోపం.