టేమర్ తాగిన నురగ

భర్త పోయాక 'బూడిదపొట్టేలు' అనే పబ్బును ఏళ్ళ తరబడి ఒంటిచేత్తో నడిపింది టేమర్ టిన్నిస్‌వుడ్. మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో సర్కారు ఇంగ్లండులోని మా కార్లైల్ ఊరి పబ్బులను స్వాధీనం చేసుకుంది. మందుగుండు ఫ్యాక్టరీ కూలీలు తాగి పడిపోతున్నారట. ఆమె పబ్బులోనే ఆమెను జీతానికి పెట్టి, అదే పనికి పక్కవీధి మగమేనేజరు కంటే తక్కువ ఇచ్చారు. నోరెత్తలేదు. ఎత్తితే మేడమీద గది కూడా పోతుంది. తలదాచుకోవడానికి ఆమెకున్నది అదొక్కటే.

ఆ రోజుల్లో ఒకరి డబ్బుతో ఇంకొకరు తాగితే నేరం. పెళ్ళికొడుక్కి కూడా ఎవరూ గ్లాసు ఇప్పించకూడదు.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం వాటీ నిక్సన్ వచ్చాడు. ఆ యుద్ధంలోనే ఫ్రాన్సులో రెండు చేతులూ పోగొట్టుకున్నవాడు.

"పిన్నీ, కోటు జేబులో చిల్లరుంది, తీసుకో. చక్కిలిగింతలు మాత్రం పెట్టకు."

"నీ మొహానికి చక్కిలిగింతలొకటి!" అంటూ డబ్బు తీసుకుని బీరు పోసింది. నురగ అంచు దాటి పొంగింది. అలాగే పట్టిస్తే అతని చొక్కా తడుస్తుంది, తుడుచుకోవడానికి చేతుల్లేవు. పైనురగ తానే ఒక్క గుక్క పీల్చేసి, గ్లాసు అతని పెదాలకు ఆనించింది.

మూలబల్ల దగ్గర కోటు వేసుకుని కూర్చున్న ఒకాయన లేచాడు. తనిఖీ అధికారి.

"డబ్బెవరిది?"

"నాదే," అన్నాడు వాటీ.

"తాగింది ఈవిడ. అంటే నువ్వు తాగించావు. నేరం!"

"అయితే బేడీలు వెయ్యండి సార్. ఎక్కడ వేస్తారో నేనూ చూస్తాను."

పబ్బంతా గొల్లుమంది. అధికారి మొహం కందగడ్డయింది. పంతానికి పోయి వాటీని నిజంగానే కోర్టుకీడుస్తాడని టేమర్‌కు అర్థమైంది.

"అతను ఇప్పించలేదండీ. అడక్కుండా నేనే తాగేశాను."

"గిరాకీ సరుకు తాగేశావా? అయితే నీకిక్కడ పనిలేదు."

ఆ వారమే గది ఖాళీ చేయించారు. సైనికాసుపత్రి దుప్పట్లు ఉతికే షెడ్డులో కుదిరింది. ఆ ఆవిరికి ఊపిరితిత్తులు చెడిపోయి, యుద్ధం ముగిశాక వచ్చిన చలికాలంలో పోయింది. వాటీ శవపేటిక మొయ్యలేడు కదా, పక్కనే నడిచాడు.

తాగుడు కొంపలు కూలుస్తుంది, కాదనను. అదుపూ అవసరమే. ఆ అదుపు బరువు ఎవరి నెత్తిన పడిందన్నదే నా గొడవ.

ఇప్పుడు పబ్బు కొత్త యజమానులు ఆ కాలం గుర్తుగా గోడకు ఇత్తడి పలక బిగిస్తున్నారు. దానిమీద అధికారుల పేర్లే ఉన్నాయి. ఆవిష్కరణ శనివారం. రండి. టేమర్ టిన్నిస్‌వుడ్ పేరేదని గట్టిగా అడగండి. చెక్కిస్తామనేదాకా అక్కణ్ణుంచి కదలకండి.