కొమురయ్యవి ఆరు, మా వాసువి మూడు

మా నాయిన సిద్ధరాములు షోలాపూర్‌లో తువ్వాళ్లు నేసేవాడు. కుంఠా నాకా దగ్గరి కార్ఖానాలో షిఫ్టు దిగగానే అశోక్ చౌక్ వెనక రేకుల షెడ్డులో ఉన్న తాలీమ్‌కు, అంటే వ్యాయామశాలకు, వెళ్లి బాక్సింగ్ నేర్పేవాడు. తానుగా రింగులో దిగి ఒక్క పోటీ ఆడిన మనిషి కాదు. అయినా మా వాడంతా ఆయన్ను వస్తాద్ అనే పిలిచేది. ఊరికే పిలుస్తారా? మహారాష్ట్ర మొత్తాన్ని గెలిచిన ఇద్దరు చాంపియన్లు ఆ రేకుల షెడ్డులోంచే వచ్చారు. ఒకడు మా వెనకింటి కొమురయ్య. రెండోవాడు నా తమ్ముడు వాసుదేవ్.

ఇద్దరిలో ఎవడు గొప్ప? ఈ ఒక్క మాట మీద మా వాడలో జరిగినన్ని కొట్లాటలు నల్లా నీళ్ల దగ్గర కూడా జరగలేదు. నేను గడపలో కూర్చుని బీడీలు చుడుతూ పక్కింటి గంగుబాయితో ఎన్నిసార్లు వాదించానో! కొమురయ్య రాష్ట్ర పోటీల్లో ఆరుసార్లు గెలిచాడు. ఒక్కసారీ కింద పడలేదు. ఆ పేరు మీదే పుణెలో పోలీసు ఉద్యోగం వచ్చింది. వాసు గెలిచింది మూడుసార్లే. కానీ వాడు ఎనిమిది గంటలు మగ్గాల ముందు నిలబడి, ఆ కాళ్లతోనే వెళ్లి గెలిచాడు. ఇద్దరి బరువులూ వేరు కాబట్టి రింగులో ఎన్నడూ ఎదురుపడలేదు. కాబట్టి వాదానికి అంతూ లేదు, మా నోళ్లకు అడ్డూ లేదు.

అయితే చివరికి నా నోరు మూయించడానికి గంగుబాయి దగ్గర ఒక మాట ఉండేది: నాగపూర్.

ఎనభై ఎనిమిదిలో నాగపూర్ ఫైనల్లో వాసు రెండు రౌండ్లు బాగా ఆడి, మూడో రౌండుకు గంట కొట్టినా స్టూలు మీంచి లేవలేదు. మా వాడ నుంచి రైలెక్కి వెళ్లిన పదిమందీ అది కళ్లారా చూశారు. చెయ్యి నొప్పి పుట్టి లేవలేకపోయానని వాడే చెప్పాడు. అప్పటినుంచి వాడి పేరు స్టూలు వాసుదేవ్. నాకూ ఒళ్లు మండి, ఒకసారి పిరికివాడా అని తిట్టాను. వాడు పళ్లెంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

తొంభై మూడులో రేకుల షెడ్డు తీసేసి తాలీమ్‌కు పక్కా గోడలు కట్టారు. ముందు గోడ మీద చాంపియన్ పేరు రాయించాలన్నారు. ఒక్కరి పేరే. మగ్గాలకు సెలవున్న రోజు మధ్యాహ్నం అందరూ తాలీమ్‌లో కూడారు. పుణె నుంచి కొమురయ్య కూడా వచ్చాడు. ఆడవాళ్లం గోడ వారగా నిలబడ్డాం.

తాలీమ్ పెద్ద నర్సప్ప లేచి మీసం సవరించుకున్నాడు.

"ఇండ్ల సోచాయించేది ఏమున్నది? ఆరుసార్లు గెల్చినోడు ఒకడు. స్టూలు మీదికెళ్లి లేవనోడు ఇంకొకడు. పేరు ఎవరిదో మీరే జెప్పుర్రి."

అందరూ గొల్లున నవ్వారు. వాసు తల వంచుకున్నాడు. నేను కొంగు బిగించి ఏదో అనబోతుంటే నాయిన లేచాడు.

"పేరు కొమురయ్యదే రాయుర్రి. ఆరంటే ఆరే. గని నాగపూర్ ముచ్చట మీకు తెల్వది. ఆ దినం వాణ్ని లేవకుంట జేసింది నేను."

నాగపూర్‌లో జరిగింది నాయిన మొదటినుంచీ చెప్పాడు.

మగ్గం మీద పోగు తెగితే నేతగాడు రెండు కొసలూ కలిపి చిన్న ముడి వేస్తాడు. లాగినకొద్దీ అది బిగుస్తుంది. విప్పే పని ఎన్నడూ పడదు కాబట్టి విప్పడం ఎవరికీ అలవాటుండదు. గ్లోవ్స్ నాడాలకు కూడా నాయిన అదే ముడి వేసేవాడు. నలభై ఏళ్లుగా ఆ వేళ్లకు వచ్చిన ముడి అదొక్కటే. పోటీ అయ్యాక కత్తెరతో తెంపి, నూలుతో పేనిన కొత్త నాడా ఎక్కించేవాడు. మిగతా ఊళ్ల వస్తాదులు జారుముడి వేస్తుంటే చూసి నవ్వేవాడు కూడా.

నాగపూర్‌లో రెండో రౌండు చివర వాసు కుడి గ్లోవు కుట్లు ఊడి లోపలి దూది బయటికొచ్చింది. గ్లోవు మార్చమని రిఫరీ కొంచెం సమయమిచ్చాడు. కత్తెర సంచిలో ఉంది, సంచి బట్టలు మార్చుకునే గదిలో ఉంది. నాయిన ముడిని గోళ్లతో పీకాడు, పళ్లతో కొరికాడు. వాసు స్టూలు మీద చెయ్యి చాచి కూర్చునే ఉన్నాడు. ముడి ఊడకముందే గంట మోగింది. రిఫరీ అవతలివాడి చెయ్యి పైకెత్తాడు. ఎక్కడో వెనక బెంచీల మీదున్న మావాళ్లకు లేవని వాసు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"రైలుల నేను నోరు తెరిసేలోపట్నే వీడు అందరికి జెప్పిండు, చెయ్యి నొప్పి లేసిందని. నేను ఊకున్న. వస్తాద్ అన్న పిలుపు పోతదని భయపడి అయిదేండ్లు ఊకున్న," అన్నాడు నాయిన.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ తమ్ముణ్నా నేను పిరికివాడా అన్నది!

నర్సప్ప తేరుకుని గొంతు పెంచాడు. "ముడి ఇప్పరానోని చేతుల మా పిల్లలను ఎట్ల వెడ్తం?"

అప్పుడు కొమురయ్య లేచాడు. "కాకా, వస్తాద్ నా చేతులకు గూడ ఆరుసార్లు గదే ముడి ఏసిండు. నా గ్లోవు చినగలే, గంతే. చినిగితే నేను గూడ స్టూలు మీదనే కూసుందును. ఆరు నావే, కాదన. మూడు గెల్చినోన్ని చూసి నవ్వేటప్పుడు గిది గూడ యాదికి తెచ్చుకోర్రి."

గోడ మీద కొమురయ్య పేరే రాయాలని తేలింది. నాయిన వస్తాద్‌గానే ఉన్నాడు, కాకపోతే జారుముడి నేర్చుకోవాలని అందరి ముందూ ఒప్పుకున్నాడు. వాసును ఆ స్టూలు పేరు పెట్టి పిలిచిన మనిషి మళ్లీ నాకు కనబడలేదు. కనబడితే నేను ఊరుకునేదాన్నీ కాదు.

ఇంటికి నడిచి వస్తుంటే వాసు నాయిన మీద విరుచుకుపడ్డాడు.

"నలుగుట్ల నీ పరువు ఎందుకు తీసుకున్నవ్ నాయినా? నేను జెప్పమన్ననా?"

నాయిన నడక ఆపలేదు.

"అయిదేండ్లల్ల ఒక్కపారి గూడ జెప్పమనకపోతివి బిడ్డా. గందుకే జెప్పిన."

ఎన్ని దెబ్బలు తిన్నా కన్నీరు పెట్టని నా తమ్ముడు కుంఠా నాకా నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చాడు. నాయిన వెనక్కి వచ్చి వాడి చెయ్యి పట్టుకున్నాడు. మూడుసార్లు పూలదండలతో వాసు వాడలోకి వచ్చినప్పుడు కూడా ఆ ఇద్దర్నీ చూసి నేను అంత గర్వపడలేదు. వాళ్ల వెనకే ఇంటిదాకా నడిచాను.