మొదటి వరుస కుర్చీ

ఆ వీడియోను మా ఆఫీసులో పక్క సీటు అమ్మాయి చూపించింది. "దీదీ, ఏ దేఖో, నవ్వలేక చచ్చిపోతారు" అంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక కాఫీ షాపు మేడమీద ఆదివారం సాయంత్రాలు ఓపెన్ మైక్ పెడతారు. పేరు రాయించుకున్నవాళ్ళు ఎవరైనా ఐదు నిమిషాలు పాడొచ్చు, చదవొచ్చు, నవ్వించొచ్చు. వీడియోలో ఒకడు తలమీద లేని గంపను చేత్తో పట్టుకుని, నడుం ఒక పక్కకు వంచి, చేపలమ్మే ఆవిడలా అరుస్తున్నాడు. "మచ్చీ లేలో దీదీఈ, అభీ అభీ చచ్చింది హై." జనం విరగబడి నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. రెండోసారి అరిచినప్పుడు తెలిసింది, అది మా అమ్మ గొంతు.

వాడు పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురు ఒడ్డున ఉన్న మా బాంబూఫ్లాట్ వాడే. మా ఇంటికి మూడిళ్ళ అవతల పెరిగాడు. ఇద్దరం ఒకే ఫెర్రీలో స్కూలుకు వెళ్ళేవాళ్ళం. వాళ్ళమ్మ మంచాన పడినప్పుడు నెల రోజులు మా ఇంట్లోనే తిన్నాడు. అమ్మ చేపలో ముళ్ళు తీసి మరీ పెట్టేది. అత్తా, అత్తా అని కొంగు పట్టుకు తిరిగినవాడు, ఇప్పుడు తనకు తెలుగు వచ్చని కూడా ఎవరికీ చెప్పడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా చేయలేకపోయి ఉంటే వదిలేసేదాన్నేమో. అమ్మ ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో కూడా పట్టేశాడు వెధవ. పైగా నేను నవ్వాను. అది మా అమ్మ అని పక్క సీటు అమ్మాయికి చెప్పనూ లేదు. ఆ సిగ్గును కూడా వాడిమీద కోపంలోనే కలిపేశాను.

వారమంతా ఒకటే ఆలోచన. అమ్మను తీసుకెళ్ళి మొదటి వరుసలో, వాడి ఎదురుగా కూర్చోబెట్టాలి. ఆవిడను చూడగానే వాడి నోరు పడిపోవాలి. అందరి ముందూ నీళ్ళు నమలాలి. నేను కళ్ళారా చూడాలి. అమ్మకు మాత్రం పాటల ప్రోగ్రాం అని చెప్పాను. పెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసి కట్టుకుంది.

ఇలాంటి చోటికి నేనూ అదే మొదటిసారి వెళ్ళడం. మెట్ల దగ్గర ఒకమ్మాయి పేర్లు రాసుకుంటోంది. వాడి పేరు ఐదోది. వాడి తర్వాత వెళ్ళి నాలుగు దులుపుదామని ఆరోది నాది రాయించాను. ఒకబ్బాయి గిటార్ వాయించాడు, ఇంకొకావిడ వాన మీద హిందీ కవిత చదివింది. నచ్చితే చప్పట్లు కాదు, వేళ్ళతో చిటికెలు వేస్తారు. అమ్మ కూడా ఒకసారి చిటికె వేసి చూసి, సిగ్గుపడి చెయ్యి ఒళ్ళో దాచుకుంది. "బాగుందే" అంది నాతో.

వాడు వచ్చాడు. అమ్మకూ వాడికీ మధ్య నాలుగడుగులే. నేను వాడి మొహం మీంచి కళ్ళు తిప్పలేదు. వాడు నేరుగా అమ్మ వైపే చూశాడు. చూసి, లేని గంప తలకెత్తుకుని గొంతెత్తి అరిచాడు.

పైనున్న లైటు సంగతి నాకు అప్పటికి తెలియదు. మైకు ముందు నిలబడ్డవాడి కళ్ళల్లో పడేలా పెడతారు దాన్ని. ఎదురుగా ఉన్నవాళ్ళు వాడికి కనిపించరు. ఐదు నిమిషాలూ హాయిగా చేశాడు. అందరూ నవ్వుతుంటే అమ్మ కూడా నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది.

నా పేరు పిలిచారు. నేను వెళ్ళి నిలబడితే ఆ వెలుగులో ఎదురుగా ఎవరూ కనిపించలేదు. "ఆ లైటు ఆర్పండి" అన్నాను. ఆర్పారు. వాడు గోడ వారగా నిలబడి నీళ్ళు తాగుతున్నాడు. సీసా పెదాల దగ్గరే ఆగిపోయింది. "అత్తా" అన్నాడు. నేను హిందీలో, ఒక్కొక్క మాటా ఒత్తి చెప్పాను: "ఇప్పుడు మీరు విని నవ్విన గొంతు ఈవిడది. మా అమ్మ. వీడికి ముళ్ళు తీసి అన్నం పెట్టింది." వాడి మొహంలో నెత్తురు లేదు. నా కడుపు చల్లబడింది. నిజం ఎందుకు దాచాలి, చాలా సంతోషం వేసింది.

అప్పుడు అమ్మ వైపు చూశాను. గదిలో ఉన్నవాళ్ళంతా ఆవిడనే చూస్తున్నారు. నేను చెప్పేదాకా ఆవిడెవరో అక్కడ ఎవరికీ తెలియదు. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి, వాడి దగ్గర ఒక్క క్షణం ఆగింది. "బాగా సేసినావు నాయినా" అంది. నాతో, "బేగి రా, బోటు ఎళ్ళిపోద్ది" అంది.

ఫెర్రీలో సగం దూరం వచ్చాక అడిగింది. "నాను అలగే అరుస్తానేటే?"

"లేదమ్మా" అన్నాను. ఆవిడ నమ్మలేదు.

సోమవారం ఆఫీసుకు వెళ్తే పక్క సీటు అమ్మాయి "షాబాష్ దీదీ" అంది. వాడు వీడియో తీసేశాడట, ఇంక మైకు జోలికి రానని చెప్పాడట. నేను కోరుకున్నది అదే. ఇప్పుడు అడిగినా వాణ్ణి క్షమించను.

కానీ ఆ రోజు పొద్దున అమ్మ గంపెత్తుకుని బయలుదేరినప్పుడు నేను గుమ్మంలోనే నిలబడి విన్నాను. వీధి మలుపు దగ్గర మొదలవ్వాల్సిన కేక మొదలవ్వలేదు. ప్రతి గేటు దగ్గరా ఆగి, గొళ్ళెం తట్టి, ఎవరైనా వచ్చేదాకా నిలబడుతోంది. నేను జెట్టీకి నడుస్తుంటే, అమ్మ ఇంకా చేరని రెండిళ్ళవాళ్ళు నన్ను ఆపి, ఈవేళ మీ అమ్మ రాలేదేం అని అడిగారు.