బుడంకాయ్ కబుర్లు

కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, స్క్రీన్‌కి ముక్కు ఆనించి చదువుతాడాయన. సెర్చ్‌లో పైకి రావాలని పెట్టించిన దొంగ లింకులు పట్టుబడి, శిక్షగా అడుక్కి పోయిన వెబ్‌సైట్లని బాగుచెయ్యడం ఆయన పని. ఒక్కో లింకూ వెతికి, తీసెయ్యమని అవి పెట్టినవాళ్లని బతిమాలుతూ ఉత్తరాలు రాస్తాడు. ఆ రోజు కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడ ఎదురుగా కూర్చుంది. సెర్చ్‌లో ఆమె షాపు కనబడక నెలరోజులుగా ఫోనే మోగలేదట. "షాపు పేరు పైకి తెస్తామంటే ఏజెన్సీవాళ్లకి అప్పజెప్పానండీ. ఈ దొంగపని ఎవడు చేశాడో, వాడి చేతులు పడిపోను!" అంది. ఆమె సైటుకున్న దొంగ లింకుల జాబితాలో ఒకచోట ఆయన వేలు ఆగింది. బుడంకాయ్ కబుర్లు, బుడంకాయ్ షాపింగ్... అన్నీ ఆ లింకులు పెట్టడానికే పుట్టించిన దొంగ బ్లాగులే. బుడంకాయ్ ఆయన కూతురి ముద్దుపేరు. వెనక అదే ఏజెన్సీలో పనిచేసినప్పుడు, ఆ బ్లాగులకి పేర్లు తట్టక తనే పెట్టాడు. కళ్లజోడు కిందికి దింపాడు. "చేసింది నేనేనమ్మా." ఆమె ఆయన చేతులకేసి చూసింది. "పడిపోకూడదులెండి," అంది. "అవన్నీ తియ్యాలిగా!"